చీపురు ఎవరి చేతికి?

బడిలో ఏ పని ఎవరు చేయాలో ఎవరూ కూర్చుని రాయరు. అయినా ప్రతి పనికీ మనుషులు ముందే ఖాయమైపోయి ఉంటారు. ప్రార్థనకు ముందు తరగతి గది ఊడ్చేది అమ్మాయిలు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి బల్లలు మోసేది అబ్బాయిలు. పై అధికారి వస్తున్నారంటే వాకిట్లో ముగ్గు వేసేది, పళ్లెంలో పూలు పట్టుకుని ఎదురు నిలబడేది అమ్మాయిలు. మైకు తెచ్చేది, వైర్లు కలిపేది, బజారుకు పోయి దండలు కొనుక్కొచ్చేది అబ్బాయిలు. సైన్సు గదిలో పరికరం అబ్బాయి చేతిలో ఉంటే రికార్డు పుస్తకం అమ్మాయి చేతిలో ఉంటుంది. ముగ్గురికి ఒక కంప్యూటర్ ఉన్నచోట మౌస్ పట్టుకునేది చాలాసార్లు అబ్బాయే. అమ్మాయిలు పక్కన నిలబడి చూస్తారు.

విడివిడిగా చూస్తే ఇందులో ఏదీ పెద్ద అన్యాయంలా కనిపించదు. ముగ్గంటే అమ్మాయిలకు ఇష్టమే కదా, బల్లలు బరువు కదా అనిపిస్తుంది. కానీ ఒకటి నుంచి పదో తరగతి దాకా చదివే పిల్ల దాదాపు 2,000 రోజులు ఈ పంపకాన్ని చూస్తూ పెరుగుతుంది. శుభ్రం చేసేవీ, సర్దేవీ, ఎవరో చెప్పింది రాసిపెట్టేవీ తన పనులని ఆమెకు అర్థమవుతుంది. గేటు దాటి వెళ్లేవీ, విప్పి చూసేవీ, ఒకసారి చెడగొట్టి మళ్లీ బిగించేవీ తనవి కావని కూడా ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలి, ఎంత దూరం వెళ్లి చదవాలి, అసలు చదవాలా అన్న ప్రశ్నలు వచ్చేనాటికి సగం జవాబు ఆమెలోనే తయారై ఉంటుంది. ఆడపిల్లల చదువు కోసం బడి చేయగలిగిన వాటిలో మొదటిది ఈ పంపకాన్ని మార్చడం. ఉపన్యాసాలు, గోడమీది నినాదాలు, వ్యాసరచన పోటీలు దాని తర్వాతివి.

పని పట్టిక

మార్చాలంటే ముందు చూడాలి. ఒక వారంపాటు బడిలో పిల్లలు చేసే పనులన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటే చాలు. ఊడ్చడం, బోర్డు తుడవడం, నీళ్లు పట్టడం, భోజనం దగ్గర వడ్డించడం, గంట కొట్టడం, మొక్కలకు నీళ్లు పోయడం, ప్రొజెక్టర్ పెట్టడం, ఆఫీసు గది నుంచి రిజిస్టరు తేవడం, దుకాణానికి వెళ్లిరావడం, ప్రార్థనలో ఆర్డర్లు ఇవ్వడం... ప్రతి పనికి ఎదురుగా ఆ రోజు చేసినవాళ్ల పేర్లు రాయాలి. వారం తిరిగేసరికి ఆ పేజీని ఎవరికీ వివరించి చెప్పాల్సిన అవసరం ఉండదు.

ఆ తర్వాత హాజరు నంబర్ల ప్రకారం జట్లు కట్టి పనులు తిప్పాలి. ఇక్కడొక చిన్న చిక్కుంది. చాలా బడుల్లో హాజరు పట్టీలో అబ్బాయిల పేర్లన్నీ ఒక వరసలో, అమ్మాయిల పేర్లన్నీ ఇంకో వరసలో ఉంటాయి. ఆ వరసనే జట్లు కడితే మళ్లీ ఆడజట్టు, మగజట్టే తయారవుతాయి. పని పట్టిక కోసమైనా పేర్లను అక్షరక్రమంలో కలిపి రాసుకోవాలి. ఒక్కో జట్టుకు ఒక్కో పని వారమంతా ఉండాలి. ఒక్క రోజుకైతే అది సరదాగా మిగిలిపోతుంది.

మొదటి సోమవారం కష్టంగానే ఉంటుంది. ఏడో తరగతి అబ్బాయి చేతికి చీపురు వస్తుంది. వెనక బెంచీలో నవ్వు మొదలవుతుంది. వాడి ముఖం ఎర్రబడుతుంది. నడుం వంచకుండా, నిలబడే నాలుగు పోట్లు పొడిచి, చెత్తంతా తలుపు మూలకు నెడతాడు. చూడలేక ఒక అమ్మాయి లేచి, "ఇలా ఇవ్వరా, నేనూడుస్తాలే" అని చెయ్యి చాస్తుంది. టీచర్ జాగ్రత్తగా ఉండాల్సిన క్షణం ఇదే. ఆ అమ్మాయిని కూర్చోమనాలి. అబ్బాయికి చీపురు ఎలా పట్టుకోవాలో, గాలివాటం చూసి ఏ వైపు నుంచి ఊడ్చాలో చూపించాలి. చూపించేది మగ టీచరైతే మరీ మంచిది. మూడో వారానికి నవ్వులు ఆగుతాయి, ఎందుకంటే నవ్వినవాడి వంతు కూడా అప్పటికి వచ్చేసి ఉంటుంది.

పట్టిక పిల్లల దగ్గరే ఆగిపోతే సరిపోదు. స్టాఫ్ రూమ్‌లో టీ పోసేది ఎవరు, సాంస్కృతిక కార్యక్రమాల బాధ్యత ఎవరి మీద పడుతుంది, ల్యాబ్ తాళాలు, స్టాక్ రిజిస్టరు ఎవరి దగ్గరుంటాయి అన్నవి పిల్లలు రోజూ గమనిస్తారు. ఆగస్టు 15న జెండా దగ్గర ఎవరు నిలబడతారన్నదీ గమనిస్తారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవే. సర్పంచ్ మహిళ అయినప్పుడు ఆమె కుర్చీలో ఆమే కూర్చునేలా, ఆమే మాట్లాడేలా బడి చూసుకోవాలి. ఆమె తరఫున భర్త మాట్లాడితే ఆ రోజు పిల్లలు నేర్చుకునేది వేరే పాఠం. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో 495 గ్రామాల్లో జరిగిన పరిశోధన 2012లో అచ్చయింది. సర్పంచ్ పదవి వరసగా రెండుసార్లు మహిళలకు రిజర్వయిన గ్రామాల్లో ఆడపిల్లల ఆశలు పెరిగాయి. చదువులో అబ్బాయిలకూ వాళ్లకూ ఉన్న తేడా చెరిగిపోయింది. ఇంటిచాకిరీకి వాళ్లు పెట్టే సమయం తగ్గింది. ఊళ్లో ఒక ఆడమనిషి పదవిలో కూర్చుని పని చేయడం చూస్తేనే ఇంత మార్పు వచ్చింది. తరగతి లీడర్ విషయంలోనూ ఇంతే. లీడర్ అబ్బాయి, సెకండ్ లీడర్ అమ్మాయి అనే అలవాటును విడిచి, లీడర్ పదవి ఒక టర్ము అబ్బాయికి, ఒక టర్ము అమ్మాయికి వచ్చేలా చూడాలి.

తెలివి ఎవరిది

తెలుగు నాట టీచర్ల నోట, తల్లిదండ్రుల నోట నలిగిన మాటలు రెండున్నాయి. మార్కులు తక్కువొచ్చిన అబ్బాయి గురించి "బుర్రుంది గానీ శ్రద్ధ లేదండీ" అంటారు. మార్కులు బాగా వచ్చిన అమ్మాయి గురించి "కష్టపడుతుందండీ, బుద్ధిగా చదువుకుంటుంది" అంటారు. రెండూ మెచ్చుకోళ్లే. కానీ ఒకరికి తెలివిని పుట్టుకతోనే రాసిచ్చి, ఇంకొకరి తెలివిని కష్టం ఖాతాలో జమ చేస్తున్నాయి. ఆమె నోటుబుక్కు చూసి చేతిరాత ముత్యాల్లా ఉందంటారు. వాడి నోటుబుక్కు చూసి లెక్క ఎంత చురుగ్గా చేశాడో అంటారు.

ఈ తేడా పిల్లల్లోకి ఎప్పుడు దిగుతుందో 2017లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక అమెరికన్ పరిశోధన చూపింది. చాలా చాలా తెలివైన ఒక మనిషి కథ చెప్పి, ఆ మనిషి ఎవరై ఉంటారో బొమ్మల్లో చూపించమంటే అయిదేళ్ల పిల్లల్లో అబ్బాయిలు మగవాళ్లను, అమ్మాయిలు ఆడవాళ్లను దాదాపు సమానంగా ఎంచుకున్నారు. ఆరేడేళ్లు వచ్చేసరికి అమ్మాయిలు తమవాళ్లను ఎంచుకోవడం తగ్గింది. బడిలో మంచి మార్కులు ఎవరికొస్తాయని అడిగితే మాత్రం ఆ అమ్మాయిలే అమ్మాయిలను చూపించారు. మార్కులు తమకే వస్తాయని తెలిసి కూడా, తెలివి తమదని అనుకోలేకపోయారు. ఇది చాలా తెలివైన పిల్లల కోసం పెట్టిన ఆట అని చెబితే, ఆ ఆట మీద వాళ్లకు ఆసక్తి కూడా తగ్గింది. ఆరేళ్లంటే మన దగ్గర ఒకటో తరగతి. హైస్కూల్లో అవగాహన సదస్సులు పెట్టడం చాలా ఆలస్యమని ఇందువల్ల తెలుస్తోంది.

తరగతిలో టీచర్ చేయగలిగింది చాలా ఉంది. ఎనిమిదో తరగతి గణితం పీరియడ్‌నే చూడండి. బోర్డు మీద సమీకరణం రాసి జవాబెంత అని అడగ్గానే ఇద్దరు ముగ్గురు అబ్బాయిలు కూర్చున్నచోటి నుంచే అరిచేస్తారు. టీచర్ "బాగుంది" అని ముందుకు సాగుతారు. కాసేపటికి అమ్మాయిలు మౌనంగా ఉన్నారని గుర్తొచ్చి, "ఏమ్మా, అమ్మాయిలూ, మీరు చెప్పండి" అంటారు. అందరినీ కలిపి అడిగితే జవాబు చెప్పాల్సిన బాధ్యత ఎవరిదీ కాదు. వాళ్లు తల దించుకుంటారు, టీచర్ నిట్టూరుస్తారు, అమ్మాయిలకు లెక్కలంటే భయమన్న మాట అక్కడ మరోసారి రుజువైనట్టే అవుతుంది.

దీనికి విరుగుడు ఒక డబ్బా, కొన్ని ఐస్‌క్రీమ్ పుల్లలు. ఒక్కో పుల్ల మీద ఒక్కో హాజరు నంబరు రాసి డబ్బాలో వేయాలి. ప్రశ్న అడిగాక కాసేపు ఆగి, అప్పుడు పుల్ల తీసి ఎవరి నంబరు వస్తే వాళ్లను పేరు పెట్టి అడగాలి. ఆగడం ముఖ్యం. ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఎదురుచూస్తారని అమెరికాలో సైన్సు విద్య పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో లెక్కగట్టారు. ఆ విరామాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడుగయ్యాయి, అంతకుముందు నోరెత్తని పిల్లలు మాట్లాడటం మొదలుపెట్టారు. అరిచేవాళ్లకు విరామం అక్కర్లేదు. అందువల్ల ఎక్కువ మేలు పొందేది మాటను లోపలే సరిచూసుకుని గానీ బయటపెట్టని పిల్లలు, వాళ్లలో అమ్మాయిలు ఎక్కువ.

ఇంకో సంగతి, ఎలాంటి ప్రశ్న ఎవరికి వెళుతోందన్నది. నిర్వచనం అప్పచెప్పమని అమ్మాయిని, ఎందుకలా జరుగుతుందని అబ్బాయిని అడిగే అలవాటు చాలామందికి తెలియకుండానే ఉంటుంది. సహోద్యోగి ఒకరు రెండు పీరియడ్లు వెనక కూర్చుని ప్రతి ప్రశ్నకూ ఒక గీత గీస్తే తేలిపోతుంది. అబ్బాయి తప్పు చెబితే "ఇంకోసారి ఆలోచించరా" అని, అమ్మాయి తప్పు చెబితే "సరే కూర్చోమ్మా" అని అంటున్నారేమో కూడా ఆ సహోద్యోగి రాసుకోవాలి. రెండో మాటలో ఆప్యాయత ఉంది. కానీ మళ్లీ ప్రయత్నించే అవకాశాన్ని ఆ ఆప్యాయతే లాగేసుకుంటుంది.

మాటలో దాగినది

తెలుగులో ఏకవచనం వాడగానే లింగం బయటపడుతుంది. 'శాస్త్రవేత్త' అన్న మాటకు లింగం లేదు, కానీ వాక్యం 'కనుగొన్నాడు' అని ముగిసిందంటే పిల్లల మనసులో మీసాలున్న మనిషి నిలబడతాడు. 'రైతు' మాట కూడా అంతే. నాట్లు వేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది ఎక్కువగా ఆడవాళ్లే. అయినా 'రైతు పొలం దున్నాడు' అని పాఠంలో వస్తుంది, ఆమె మాత్రం 'కూలి' అవుతుంది. అదృష్టవశాత్తు తెలుగులోనే దీనికి మంచి మార్గం ఉంది. గౌరవ బహువచనంలో ఆడా మగా తేడా ఉండదు. 'శాస్త్రవేత్తలు కనుగొన్నారు', 'డాక్టర్ గారు వచ్చారు', 'రైతులు విత్తారు' అనే అలవాటు చేసుకుంటే చాలు, వాక్యం ఎక్కడా కృతకంగా ఉండదు.

ప్రశ్నపత్రం తయారుచేసేటప్పుడు పేర్ల మీద కూడా ఓ కన్ను వేయాలి. రాము బైకు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తాడు, సీత మార్కెట్లో 3 కిలోల టమాటాలు కొంటుంది. పేర్లు తారుమారు చేస్తే లెక్క మారదు. సీత బ్యాంకులో అప్పు తీసుకుని వడ్డీ కట్టవచ్చు, రాము నలుగురికి సరిపడా ఉప్మాకు రవ్వ కొలవవచ్చు.

మెచ్చుకోలుగా అనే మాటల్లో కొన్నిటిని పూర్తిగా మానేయాలి. "మా అమ్మాయిని మగపిల్లాడిలా పెంచాం" అన్నప్పుడు ఆడపిల్లలా పెరగడం తక్కువన్న అర్థం దానిలోనే ఉంది. "మగరాయుడు" అన్న ముద్ర చురుకైన అమ్మాయిని ఆటస్థలం నుంచి తరగతి గదిలోకి తోసేస్తుంది. "ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా" అన్న మాట ఒకేసారి ఇద్దరిని గాయపరుస్తుంది.

పుస్తకం, బొమ్మ, మనిషి

పాఠ్యపుస్తకాన్ని మార్చే అధికారం ఊరి బడికి ఉండదు. ప్రభుత్వం తలచుకుంటే మార్చగలదనడానికి కేరళ ఉదాహరణ ఉంది. 2024లో అక్కడి మూడో తరగతి పుస్తకంలో తండ్రి వంటింట్లో కూర్చుని కొబ్బరి కోరుతున్న బొమ్మ వచ్చింది. అలాంటి పుస్తకం చేతికొచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ఉన్న పుస్తకాన్నే తెరిచి, బొమ్మల్లో మగవాళ్లు ఎందరు, ఆడవాళ్లు ఎందరు, ఎవరు ఏం చేస్తున్నారు, ఎవరి చేతిలో ఏముంది అని పిల్లలచేతే లెక్క వేయించవచ్చు. గణితంలో పట్టికలు, కమ్మీ రేఖాచిత్రాలు నేర్పేటప్పుడు ఇంతకు మించిన దత్తాంశం దొరకదు.

మరొక పరీక్షకు తెల్లకాగితం, ఇరవై నిమిషాలు ఉంటే చాలు. శాస్త్రవేత్త బొమ్మ గీయమనాలి, అంతకుమించి ఏమీ చెప్పకూడదు. డేవిడ్ చేంబర్స్ అనే పరిశోధకుడు ఈ పద్ధతిలో 4,807 మంది పిల్లలచేత బొమ్మలు గీయించి 1983లో ఫలితాలు ప్రకటించారు. మహిళను గీసినవి 28 మాత్రమే, అవీ అమ్మాయిలు గీసినవే. అమెరికాలో అయిదు దశాబ్దాల ఇలాంటి పరీక్షలన్నిటినీ కలిపి చూసిన అధ్యయనం 2018లో వచ్చింది. 1985 తర్వాతి బొమ్మల్లో మహిళల వాటా సగటున 28 శాతానికి పెరిగింది. నిజజీవితంలో మహిళా శాస్త్రవేత్తలు కనిపించేకొద్దీ కాగితం మీద కూడా కనిపించారు. తరగతిలో విద్యా సంవత్సరం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ఈ బొమ్మలు గీయించి పక్కపక్కన అంటించి చూడవచ్చు.

కనిపించడం అంటే గోడమీది పటాలు కావు. కల్పనా చావ్లా, పి.వి. సింధు పటాలు ఉండాల్సిందే, కానీ పిల్లలకు వాళ్లు ఆకాశంలో చుక్కల్లా ఉంటారు. దారి ఎలా దొరికిందో కూడా చెబితేనే ఆ జీవితం అందుబాటులోకి వస్తుంది. అయ్యలసోమయాజుల లలిత కథ అలాంటిది. 1919లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టారు. 15వ ఏట పెళ్లయింది. 18వ ఏట, నెలల పాపాయి ఒళ్లో ఉండగానే, భర్త పోయారు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. అప్పటిదాకా ఆడవాళ్లను చేర్చుకోని ఆ కళాశాలలో కూతురికి సీటు ఇమ్మని ఆయన అడిగారు, కళాశాల ఒప్పుకుంది. 1940లలో ఆమె ఎలక్ట్రికల్ ఇంజినీరై, తర్వాత భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్ పనుల డిజైన్లలో పాలుపంచుకున్నారు. ఆ కళాశాల పట్టా కాగితాల మీద 'అతడు' అనే ముందే అచ్చు వేసి ఉంచేవారు. ఆమె బ్యాచ్ అమ్మాయిలకు ఇచ్చేటప్పుడు ఆ మాట కొట్టేసి 'ఆమె' అని చేత్తో రాయాల్సి వచ్చింది. ఆ ఒక్క కాగితం గురించి చెబితే పదో తరగతి పిల్లలు చెవులు రిక్కించి వింటారు. అడిగిన తండ్రి, తలుపు తీసిన కళాశాల లేకపోతే ఆమె తెలివి ఏమయ్యేదని వాళ్లే అడుగుతారు.

దగ్గరి ఉదాహరణ మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల అనే చిన్న ఊరి గిరిజన బాలిక, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ శిక్షణతో మొదలుపెట్టి, 2014 మే 25న, 14 ఏళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. శిక్షణకు పిల్లలను ఎంచేటప్పుడు గుట్టలెక్కడం మగపిల్లల పని అని గురుకులం అనుకుని ఉంటే ఆమె ఆ తాడు పట్టుకునేదే కాదు. ఊళ్లోని మనుషులు ఇంతకన్నా దగ్గర. లైన్‌మన్ పక్కన పనిచేసే ఇంజినీరమ్మ, ఆర్టీసీ కండక్టర్, బ్యాంకు మేనేజర్, ట్రాక్టర్ నడిపే మహిళా రైతు వచ్చి అరగంట మాట్లాడితే పిల్లలు ప్రశ్నలతో వదలరు. అలాగే మగ నర్సునూ, వంట మాస్టరునూ పిలవాలి.

మైదానం

ఆటల పీరియడ్‌లో మైదానం మధ్యలో క్రికెట్, అంచున చెట్టు కింద కబుర్లు. ఎనిమిదో తరగతి దాటాక అమ్మాయిలు మైదానంలోకి రావడం బాగా తగ్గిపోతుంది. చున్నీ జారుతుందన్న బెంగ, నెలసరి, అబ్బాయిల కామెంట్లు అన్నీ కలిసి వాళ్లను ఆ చెట్టు కిందే కూర్చోబెడతాయి. మైదానాన్ని వారంలో రోజులవారీగా పంచడం, ఖో-ఖో, వాలీబాల్ లాంటివాటికి కలగలుపు జట్లు కట్టడం, ఆటకు వీలైన దుస్తులు అందరికీ పెట్టడం మూడూ కలిసే జరగాలి. కేరళలో ఎర్నాకుళం జిల్లా వలయన్‌చిరంగర ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల 2018లోనే పిల్లలందరికీ ఒకే తరహా చొక్కా, మోకాళ్ల కిందికి వచ్చే నిక్కరు యూనిఫామ్‌గా పెట్టింది. నీళ్లొచ్చే మరుగుదొడ్డి లేకపోతే మాత్రం ఈ మాటలన్నీ వృథా. అబ్బాయిలకు, అమ్మాయిలకు వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది. తలుపుకు గడియ, లోపల నీళ్లు, మూత ఉన్న చెత్తబుట్ట ఉన్నాయో లేదో ప్రతి సోమవారం ఒక మహిళా టీచర్ వెళ్లి చూడటం మంచి పద్ధతి.

అబ్బాయిల వంతు

అమ్మాయిలను మాత్రమే కూర్చోబెట్టి ధైర్యం చెబితే, బయటికి వచ్చాక వాళ్లకు ఎదురయ్యేది ఏ మార్పూ లేని అబ్బాయిలు. హర్యానాలో బ్రేక్‌త్రూ అనే సంస్థ ఈ పొరపాటు చేయలేదు. నాలుగు జిల్లాల్లోని 314 ప్రభుత్వ పాఠశాలలను తీసుకుని, లాటరీ పద్ధతిలో ఎంపిక చేసిన 150 బడుల్లో ఏడో తరగతి నుంచి అబ్బాయిలకూ అమ్మాయిలకూ కలిపే రెండున్నరేళ్లపాటు తరగతులు నడిపింది. మూడు వారాలకోసారి 45 నిమిషాలు, చర్చలు, ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారన్న లెక్కలు, నాటికలు. దాదాపు 14,000 మంది పిల్లలను పరిశోధకులు గమనించి 2022లో ఫలితాలు ప్రచురించారు. ఆడపిల్లలను తక్కువచేసే అభిప్రాయాల్లో సుమారు 16 శాతం మారాయి. కార్యక్రమం ఆగిపోయిన రెండేళ్లకు మళ్లీ అడిగినా ఆ మార్పు నిలిచే ఉంది. ఇంటిపనుల్లో చెయ్యి వేస్తున్నామని చెప్పిన అబ్బాయిలు పెరిగారు.

రోజుకు ఒక ప్రశ్న ఇంటికి పంపడం దీన్ని మన బడిలో మొదలుపెట్టే తేలిక మార్గం. ఈ రోజు ఇంట్లో అందరికన్నా ముందు లేచిందెవరు, చివర తిన్నదెవరు, సెలవు రోజున ఎవరికి సెలవు లేదు? అబ్బాయిలు తెచ్చే జవాబుల మీద వ్యాఖ్యానం అక్కర్లేదు, బోర్డు మీద రాస్తే చాలు. దారిలో వెంటపడటం, పేర్లు పెట్టి పిలవడం గురించి ఫిర్యాదు వచ్చినప్పుడు చేసే పని అంతకన్నా ముఖ్యం. అమ్మాయిని వేరే దారిలో వెళ్లమనడం, సైకిలు మానేయమనడం సులువు. అలా చేస్తే శిక్ష ఫిర్యాదు చేసినామెకే పడుతుంది, ఇంకోసారి ఆమె నోరు విప్పదు. పిలిపించాల్సింది అబ్బాయినీ, వాడి తల్లిదండ్రులనూ.

పదో తరగతి తర్వాత

అన్నిటికన్నా నిటారైన మెట్టు ఇది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల మహిళల్లో 18 నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. అంటే ఊరి హైస్కూల్లో పదో తరగతి చదివే పిల్లల్లో ఎవరో కొందరి పెళ్లి మాటలు ఇప్పటికే నడుస్తూ ఉండవచ్చు. పరీక్షలయ్యాక వచ్చే వేసవి సెలవులు, లగ్నాల కాలం ఒక్కటే. బడి తెరిచాక టీసీ తీసుకోవడానికి ఎవరు రాలేదో చూడటం వల్ల లాభం ఉండదు. జనవరిలోనే ఒక్కో అమ్మాయి పేరు ఎదురుగా ఏం చదవాలనుకుంటోంది, ఇంట్లో ఏమంటున్నారు, కాలేజీ ఎంత దూరం, అక్కలు ఎంతవరకు చదివారు అన్నవి రాసుకుని, అనుమానం ఉన్న ఇళ్లకు పరీక్షలకు ముందే ఒకసారి వెళ్లాలి.

ఆ ఇంట్లో జరిగే మాట ఎలా ఉంటుందో టీచర్లందరికీ తెలుసు. తండ్రి మర్యాదగానే మాట్లాడతారు. "పిల్ల బాగా చదువుద్ది మేడమ్, కాదనను. కాలేజీ మండలంలో ఉంది. దారిలో ఏదైనా అయితే ఊళ్లో తలెత్తుకోలేం." ఆడపిల్లల చదువు గొప్పదనం గురించి అప్పుడు ఉపన్యాసం మొదలుపెడితే ఆయన తలూపి ఊరుకుంటారు. ఆయన చెప్పింది దూరం గురించి, కాబట్టి జవాబు కూడా దూరం గురించే ఉండాలి. "మన ఊరి నుంచి ఈసారి అయిదుగురు అమ్మాయిలు వెళ్తున్నారన్నా. ఎనిమిదింటి బస్సుకు కలిసే పోతారు. కస్తూర్బాలో అయితే హాస్టల్ కూడా ఉంది, నేనొచ్చి చూపిస్తా, వదినను కూడా తీసుకురండి." ఇలాంటి మాటకు ఆయన ఆలోచనలో పడతారు. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో చాలా చోట్ల ఇప్పుడు ఇంటర్ కూడా ఉంది. బిహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్లు ఇచ్చినప్పుడు హైస్కూల్లో వాళ్ల చేరికలు దాదాపు మూడో వంతు పెరిగాయి. బడి దూరంగా ఉన్న ఊళ్లలోనే ఎక్కువ లాభం కనిపించింది. ఇంట్లోవాళ్లు చెప్పే చాలా అభ్యంతరాల వెనక ఒక బస్సు వేళ, ఒక చీకటి మలుపు ఉంటాయి. వాటిని విప్పదీస్తే మిగిలేది "ఆడపిల్ల ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదు" అన్న పాత మాట. దానికి తల్లే మంచి జవాబు చెబుతుంది. అందుకే ఆ సంభాషణలో తల్లి కూడా కూర్చోవాలి. పెళ్లి ముహూర్తం దాకా వచ్చిందని తెలిస్తే బతిమాలుతూ కాలం గడపకూడదు. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాలి. ఎవరు చేశారన్నది వాళ్లు బయటపెట్టరు.

గ్రూపు ఎంపిక దగ్గర ఇంకో జాగ్రత్త. అమ్మాయిలకూ అబ్బాయిలకూ వేర్వేరు పాఠ్యాంశాలు ఉండకూడదని హంసా మెహతా కమిటీ 1960లలోనే చెప్పింది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ నేతృత్వంలో సాగిన కృషి వల్ల ఏర్పడిన జాతీయ మహిళా విద్యామండలి నియమించిన కమిటీ అది. 1966లో కొఠారీ కమిషన్ దాన్ని బలపరిచింది. కాగితం మీద తేడా పోయింది. "అమ్మాయివి, బైపీసీ తీసుకో, టీచర్ ట్రైనింగ్ అయితే ఇంటికి దగ్గర" అన్న సలహాలో మాత్రం ఇంకా ఉంది. ఎంపీసీ, పాలిటెక్నిక్, ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడు, డిఫెన్సు పరీక్షలు ఇవన్నీ ఒకే కాగితం మీద రాసి, తరగతిలో అందరికీ ఒకే రోజు వివరించాలి. ఎవరికి ఏది సరిపోతుందో టీచర్ ముందే ఊహించి వేర్వేరుగా చెప్పకూడదు.

తీర్మానం

ఈ మార్పులన్నీ ఒక టీచర్ పట్టుదల మీద నిలబడితే ఆ టీచర్ బదిలీతోనే పోతాయి. అందుకని పని పట్టిక, మైదానం పంపకం, లీడర్ పదవి టర్ములు, జనవరి జాబితా ఇవన్నీ పాఠశాల యాజమాన్య కమిటీ ముందు పెట్టి, తీర్మానంగా మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించాలి. చట్టం ప్రకారం కమిటీ సభ్యుల్లో సగం మంది మహిళలే ఉండాలి. సమావేశం కూలి పనుల వేళకు కాకుండా సాయంత్రం పెడితే వాళ్లు వస్తారు, వేలిముద్ర వేసి వెళ్లిపోకుండా మాట్లాడతారు కూడా. మినిట్స్ ప్రతిని తరగతి గది తలుపు వెనక అంటించాలి. కొత్త హెడ్మాస్టర్‌కు చార్జి అప్పగించేటప్పుడు తాళాలతో పాటు, స్టాక్ రిజిస్టరుతో పాటు ఆ పని పట్టికను కూడా అప్పగించి సంతకం తీసుకోవాలి.